మిత పేరెత్తిన రోజు

మా ఆశ్రమ పాఠశాలలో అన్నం గంట పన్నెండున్నరకు కొడతారు. ఆ బుధవారం పన్నెండైనా కాకముందే మోగింది. నూట ఎనభై మంది పిల్లలు కంచాలు పుచ్చుకుని వంటశాల ముందు బారులు తీరారు. అన్నం ఇంకా పొయ్యి మీదే ఉంది. హెడ్మాస్టరుగారు గదిలోంచి బయటికొచ్చి "ఎవరు కొట్టార్రా గంట?" అని కేకేశారు. అడగడం ఎందుకో నాకు అర్థం కాలేదు. వరండా చివర వేలాడే ఆ రైలుపట్టా ముక్క మీద పద్దెనిమిదేళ్ళుగా దెబ్బ వేసేది ఒక్కడే, కిల్లో సోంబరు.

అతను సుత్తి ఇంకా చేత్తోనే పట్టుకుని, తనే కొట్టానన్న సంగతి అప్పుడే తెలిసినట్టు దాని వంక చూస్తున్నాడు.

నేనీ బడికి తెలుగు పంతులుగా వచ్చి ఏడేళ్ళు. పేరు ఫణీంద్ర, మాది బొబ్బిలి వైపు. ఈ ఏడేళ్ళలో నా గడియారం మూడుసార్లు పాడైంది కానీ సోంబరు గంట తప్పలేదు. ఎదురు కొండ మీద ఎండ చూసి కొడతాడు. మరి ముసురు పట్టిన రోజున ఏం చూసి కొడతావని అడిగితే నవ్వేవాడు. ఆ నవ్వు పోయి అప్పటికి అయిదు రోజులైంది. ఎందుకు పోయిందో చెప్పాలంటే ముందు అతని పేరు సంగతి చెప్పాలి, తర్వాత నా తప్పు సంగతి చెప్పాలి. రెండోది తప్పించుకుందామని చాలా చూశాను. కుదరలేదు.

ఈ కొండల్లో సోమవారం పుట్టినవాడు సోంబరు. ఇంటిపేర్లేమో గుప్పెడు. ఊరికి నలుగురు కిల్లో సోంబర్లుంటే ఆశ్చర్యం లేదు. మా హాజరుపట్టీలోనే ముగ్గురున్నారు. పక్కన తండ్రి పేరు రాయకపోతే ఒకడి జ్వరానికి ఇంకొకడికి మాత్ర వేస్తాం. మా సోంబరు పెళ్ళాం పేరు సోములమ్మ. సోమవారం ఆ ఇంటిని పట్టుకుని వదల్లేదని నేను ఏడిపించేవాణ్ణి.

పేరు ఒకటే అయిన మగపిల్లలు ఇద్దరు స్నేహం కడితే వాళ్ళు 'మిత'లవుతారు. చైత్రమాసంలో కొండవాళ్ళు చేసుకునే ఇటుకల పండగనాడు పెద్దలు ఇద్దరినీ ఒకే ఆకులో కూర్చోబెట్టి అన్నం పెడతారు. ఒకరి వస్తువు ఒకరికి ఇప్పిస్తారు. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ ఒకరినొకరు మితా అనే పిలుచుకోవాలి, పేరు పెట్టి పిలవకూడదు. మిత అడిగింది లేదనకూడదు, మిత మీద తగువు పెట్టకూడదు. కోపం పట్టలేక ఎవడైనా అవతలివాడి పేరెత్తాడంటే ఇక ఆ పొత్తు తెగినట్టే. ఎవరిది ఎవరి దగ్గరున్నా అక్కడికక్కడే కింద పెట్టేయాలి. ఉంచుకున్నవాడికి ఊళ్ళో నీళ్ళు కూడా పుట్టవు.

మా సోంబరుకి పదేళ్ళప్పుడు అలా ఒక మిత దొరికాడు. ఇక్కడి వాగుని గెడ్డ అంటారు, దాని అవతలి ఊరివాడు. వాడు ఇచ్చిన చిన్న కత్తి సోంబరు మొలతాడుకి అప్పట్నుంచీ వేలాడుతోంది. కట్టెలు చీల్చడానికీ, పిల్లల గోళ్ళు తీయడానికీ, చింతకాయ కొట్టడానికీ అదే. మిత పెద్దయ్యాక కాఫీ గింజలు కొని గూడెం కొత్తవీధిలో అమ్మే వ్యాపారంలో దిగాడు, రెండు జీపులు కొన్నాడు. జనం గుర్తుకోసం ఇతన్ని బడి సోంబరనీ, అతన్ని కాఫీ సోంబరనీ అంటారు. కాగితం మీద మాత్రం ఇద్దరూ కిల్లో సోంబర్లే.

బడి సోంబరు మా దగ్గర కామాటీ. నీళ్ళు తోడాలి, ఊడవాలి, కట్టెలు తేవాలి, గంట కొట్టాలి, జ్వరమొచ్చిన గుంటని వీపున వేసుకుని ఆసుపత్రికి నడవాలి. పేరుకి రోజుకూలి. పని మాత్రం ఏ రోజూ ఆ రోజుతో అయిపోదు. అతని లాంటి వంటవాళ్ళూ కామాటీలూ వాచ్‌మన్లూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. మనిషికి నెలకి యాభై రూపాయలు. ధర్నాకి పాడేరు వెళితే జీపు బాడుగకీ, ఎవరైనా పోతే ఆ ఇంటికిచ్చే అయిదు వేలకీ ఆ డబ్బు. సోంబరు మండల కార్యదర్శి. చదివింది అయిదో తరగతి. సంతకం మాత్రం జమీందారు సంతకం. మొదట 'కి' మీద గుడికి ఒక కొక్కెం తగిలిస్తాడు, చివర 'రు' కింద రెండు గీతలు గీస్తాడు.

మండల ఎన్నికలొచ్చాయి. సంఘం జిల్లా అధ్యక్షుడు జగన్నాథరావు జీపు వేసుకుని వచ్చాడు. కింద మైదానంనించి వచ్చిన మనిషి, ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మాట నెయ్యి పోసినట్టుంటుంది.

"చూడు సోంబరూ, పద్దెనిమిదేళ్ళు దండాలు పెట్టాం. ఏటొచ్చింది? ఈసారి మన సంఘం మద్దతు ఆ పార్టీకి. గెలిస్తే టైమ్ స్కేలు జీవో మనదే."

టైమ్ స్కేలంటే రోజుకూలి పోయి నెలజీతం రావడం, ఏటేటా అది కాస్త పెరగడం. ఆ మాట వింటే సోంబరు కళ్ళు పండగనాటి పిల్లల కళ్ళలా అయిపోయేవి. పార్టీ పేరు నేను చెప్పను. చెబితే మిగతావి పవిత్రమైనవని మీరు అనుకుంటారు.

"మద్దతంటే ఓట్లే గదా బాబూ?" అన్నాడు సోంబరు.

"ఓట్లెన్నున్నాయి మీ ఇంట్లో? మద్దతంటే మద్దతులా ఉండాలి. నలభై వేలు. నిలబడేది ఎవరో కాదు, నీ మితే."

కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఇదే అని నాకు తోచింది. అననైతే లేదు. సంఘం నిబంధనల్లో పార్టీలకి డబ్బివ్వకూడదని రాసుంది. సర్కారు కింద పనిచేసేవాళ్ళు ఎన్నికల జోలికి పోకూడదన్నది అందరికీ తెలిసిందే. అయినా నా దస్తూరి బాగుంటుందని వోచరు రాయమంటే వెళ్ళి సామాన్ల గదిలో బియ్యం బస్తా మీద కూర్చున్నాను. జగన్నాథరావూ, ఇద్దరు సోంబర్లూ అప్పటికే అక్కడున్నారు.

"పార్టీ అని రాయకండి మేష్టారూ. 'కిల్లో సోంబరుకి, సంఘ అవసరాల నిమిత్తం' అనండి చాలు," అన్నాడు జగన్నాథరావు.

అలాగే రాశాను. రోజూ హాజరుపట్టీలో ముగ్గురు పిల్లలకి తండ్రి పేరు రాసే చెయ్యి, ఆ పూట రాయలేదు. టీ వచ్చింది, తాగి బేగి బయటపడదామన్న తొందరలో ఉన్నాను. కాఫీ సోంబరు నోట్ల కట్ట జేబులో పెట్టుకున్నాడు. పుచ్చుకున్నవారి సంతకం దగ్గర వేలు పెట్టి పెన్ను చాపాను. అతను పెద్దగా నవ్వాడు.

"నీ పేరూ నా పేరూ ఒకటే గదా మితా! నాకు పెన్ను పట్టడం బద్దకం. నా సంతకం కూడా నువ్వే ఎట్టీ."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మిత అడిగింది కదా, సోంబరు లేదనలేదు. ఇచ్చినవారి దగ్గర ఒకటి, పుచ్చుకున్నవారి దగ్గర ఒకటి, కొక్కేలతో గీతలతో ఎంతో ముద్దుగా రెండు సంతకాలు పెట్టాడు. ఎనిమిది చావుల డబ్బు అలా చేతులు మారింది.

కాఫీ సోంబరు గెలిచాడు. మండలాధ్యక్షుడు కూడా అయ్యాడు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్నట్టు మూడు నెలలు జీవో ఊసే లేదు. ఆ తర్వాత నిజంగానే పై ఆఫీసులో జాబితా తయారవుతోందని కబురొచ్చింది. ఏ ఫిర్యాదూ లేనివాళ్ళ పేర్లే అందులో ఉంటాయట. సరిగ్గా అప్పుడు మంగరాజు వచ్చాడు.

మంగరాజు పక్క బడిలో వంటమనిషి. అతని అన్న కూడా సంఘం మనిషే, పచ్చకామెర్లతో పోయాడు. అయిదు వేల కోసం వస్తే సంఘం ఖాతాలో పద్దెనిమిది వందలున్నాయి. పుస్తకం చూపించమన్నాడు. వోచరు చూశాడు. ఇచ్చింది కిల్లో సోంబరు, పుచ్చుకుంది కిల్లో సోంబరు, రెండు సంతకాలూ ఒకే చేతివి. చూసినవాడు ఎవడైనా ఏమనుకుంటాడు? మంగరాజూ అదే అనుకున్నాడు. పై ఆఫీసుకి ఫిర్యాదు రాశాడు. పై వారం సోమవారం, సంత రోజున, మహాసభలో తేల్చుకుందామన్నాడు. ఆ సభకి ముఖ్య అతిథి మండలాధ్యక్షుడే.

సోంబరు రెండు జీపులు మారి జగన్నాథరావు ఇంటికి వెళ్ళాడు. "పార్టీకిచ్చామని బయటపడితే సంఘమే ఎగిరిపోద్ది, అందరి జీవో పోద్ది," అన్నాడాయన. "ఇంటి అవసరానికి వాడుకున్నానని ఒప్పేసుకో. వాయిదాల్లో కడుదువుగాని. కేసు లేకుండా నేను చూస్తాను." ఒప్పుకోలు కాగితం కూడా ఆయనే రాసిచ్చాడు. అది రాయడానికి మటుకు నా దస్తూరి అవసరం రాలేదు.

అక్కణ్ణించి మిత ఇంటికి వెళ్ళాడు. కాఫీ సోంబరు కోడిని కోయించాడు. పక్కన కూర్చుని వడ్డించాడు. "ఎన్నికల ఖర్చు కాగితాల్లో ఆ డబ్బు నేను సూపించలేదు మితా. బయటికొస్తే నా పదవి పోద్ది. నువ్వు ఒప్పీసుకో, తర్వాత నాను సర్దుతాను," అన్నాడు. మిత అడిగింది లేదనకూడదు. సోంబరు తిని, చెయ్యి కడుక్కుని వచ్చేశాడు.

అప్పట్నుంచీ మనిషి కుదురుగా నిలబడలేదు. ఊడ్చిన వరండానే మళ్ళీ ఊడ్చాడు. నిండిన తొట్టిలో నీళ్ళు పోశాడు, అవి పొర్లి వంటింట్లోకి పారాయి. గంట ఒకపూట ముందు, ఒకపూట వెనక. సోములమ్మ నా గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"మేస్టారూ, ఈ మడిసి ముద్ద నోట్లో ఎట్టుకుని లెగిసి తిరుగుతన్నాడు. కూకోమంటే కూకోడు. ఏటయిందంటే సెప్పడు. దొంగ పెళ్ళామని నన్ను కుళాయికాడ అంతన్నారు. మావోడు దొంగా మేస్టారూ?"

"కాదమ్మా," అన్నాను. అంతవరకే అన్నాను.

ఆ సాయంత్రం సోంబరే వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"మీరు రాసారు గదా మేస్టారూ. మీ కళ్ళతో సూసారు గదా."

"చూద్దాం సోంబరూ," అన్నాను.

ఉద్యోగస్తుల నోట్లో 'కుదరదు' అన్నదానికి మర్యాద పేరు 'చూద్దాం'. నాకు పిల్లల చదువులున్నాయి, కిందికి బదిలీ కోసం పెట్టుకున్న అర్జీ ఉంది. ఆ వోచరు నేను రాశానంటే మెమో ఇంటికి నడిచొస్తుంది. సోంబరు ఏడేళ్ళుగా నా నీళ్ళ బిందె మోశాడు, ఆ మాటకి అర్థం తెలియనివాడు కాడు. మళ్ళీ అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది.

సోమవారం సంత పక్కన టెంటు వేశారు. రెండొందల మంది దాకా వచ్చారు. సంతకొచ్చిన ముసలమ్మలు కూడా గంపలు దించుకుని వెనక కూర్చున్నారు. వేదిక మీద తెల్లచొక్కాతో, మెడలో దండతో కాఫీ సోంబరు. పక్కన జగన్నాథరావు మైకు పట్టుకుని, మనవాడే పొరపాటు చేశాడు, ఒప్పుకుంటున్నాడు, పెద్దమనసుతో క్షమించాలి అని నెయ్యి పోస్తున్నాడు. బడి సోంబరుని పైకి పిలిచాడు.

"మా అన్న సచ్చిపోతే అయిదు వేలు నేవన్నావు! తినీసావు గదరా దొంగా!" అని మంగరాజు కింద నుంచి అరిచాడు. అతనిదీ అబద్ధపు కోపం కాదు. సోములమ్మ ఆడవాళ్ళ మధ్యలోంచి లేచి నిలబడింది.

సోంబరు మైకు ముందు కాగితం విప్పాడు. చదవలేదు. కాళ్ళు నేల మీద ఆనడం లేదు, అటూ ఇటూ మార్చుకుంటున్నాడు. కాఫీ సోంబరు ముందుకి వంగి, మైకులో పడకుండా మెల్లగా అన్నాడు.

"సదివీ మితా. బేగి అయిపోద్ది."

సోంబరు కాళ్ళు ఆగిపోయాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిత మొహంలోకి చూసి, గంట కొట్టినట్టు అన్నాడు.

"కిల్లో సోంబరూ!"

ముసలమ్మలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. జగన్నాథరావుకి మాత్రం ఏమీ అర్థం కాలేదు. సోంబరు తన పేరే చదవడం మొదలెట్టాడనుకున్నాడు. "ఆఁ, కిల్లో సోంబరు అనే నేను... చదువు చదువు," అని అందించాడు.

కాఫీ సోంబరు కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. మొహం నల్లబడింది.

"నా పేరెత్తావా? ఇంతమందిలో నా పేరెత్తావా?"

"ఎత్తాను, కిల్లో సోంబరూ," అన్నాడు ఇతను. మొలతాడు నుంచి కత్తి తెంపి బల్ల మీద పెట్టాడు. నలభై ఏళ్ళ కత్తి, పిడి అరిగి సగమైంది. "నీది నాకాడున్నది ఇదే. నాది నీకాడున్నది ఎట్టు."

"ఎట్టీ బాబూ," అంది వెనక నుంచి యర్రమ్మ. ఆ ఊరి పెద్దముత్తైదువ, కాఫీ సోంబరుకి వరసకి పెద్దమ్మ. "పేరెత్తినాక ఉంచుకోకూడదు. నీ ఇంటికి మంచిది కాదు."

మండలాధ్యక్షుడైతే అయ్యాడు గానీ అతను ఈ కొండ మనిషే. ఆ కత్తి వంక చూశాడు, పెద్దమ్మ వంక చూశాడు, ఒళ్ళు మరిచిపోయాడు.

"నీ నలబై వేలూ నీ మొగాన కొడతాను! రేపు తెల్లారేతలికి! నాకేటి నీ సంగం డబ్బు ఉంచుకోడానికి ఖర్మ!"

జగన్నాథరావు మైకు మీద చెయ్యి వేశాడు. అప్పటికే సంత చివరిదాకా వినబడింది. బేరాలాడేవాళ్ళు కూడా ఆగి ఇటు చూశారు. మంగరాజు ఉన్నచోటే కూలబడి తలకి చేతులు పెట్టుకున్నాడు.

అప్పుడు నేను లేచాను. "ఆ వోచరు రాసింది నేనే, పుచ్చుకున్నది ఆయనే," అన్నాను. ఖర్చు లేని ధైర్యం అది. ఎవరూ నా వంక చూడలేదు. అదే మాట పది రోజుల ముందు అని ఉంటే ఆ కత్తి సోంబరు మొలకే ఉండేది. ఈ ఒక్క ముక్క ఎవరితోనైనా చెప్పుకుందామనే ఇదంతా రాస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే ఒక మనిషి తువ్వాల్లో కట్టి డబ్బు తెచ్చాడు. పూర్తిగా నలభై వేలు. మొదటి అయిదు వేలు మంగరాజు వదినకి వెళ్ళాయి. మంగరాజు వచ్చి సోంబరు ముందు నిలబడి ఏదో అనబోయాడు, చేతకాక పొయ్యిలోకి కట్టెలు చీల్చి వెళ్ళాడు.

దొంగతనం మచ్చ పోయింది. కానీ ఇచ్చిందీ ఇతనేగా. ఎన్నికల్లో ఒక పార్టీకి డబ్బిచ్చినందుకు సంజాయిషీ చెప్పమని మెమో వచ్చింది. జాబితా వచ్చింది, అందులో అతని పేరు లేదు. నాకూ మెమో వచ్చింది. నేను జవాబు నాలుగుసార్లు చించి రాశాను. సోంబరు తన జవాబు నా బల్ల మీదే రాశాడు. 'అడిగింది నిజమే. ఇచ్చాను. తినలేదు.' కింద సంతకం పెట్టాడు. కొక్కెం లేదు, గీతలు లేవు. పక్కన, ఎవరూ చెప్పకుండానే, తండ్రి పేరు రాశాడు: భీముడు.

పై నుంచి ఇంతవరకూ ఏ ఉత్తర్వూ రాలేదు. గంట వేళకే మోగుతోంది. ఘాట్ రోడ్డు మీద జీపు చప్పుడైతే మాత్రం సోంబరు చేతిలో పని ఆగిపోతుంది. అది మలుపు తిరిగి వెళ్ళిపోయేదాకా అటే చూస్తాడు.

మొన్న సోమవారం ఉప్పూ ఎండుచేపలూ కొందామని ఇద్దరం సంతకి వెళ్ళాం. చింతపండు అమ్మే మనిషి ఎవర్నో "సోంబరూ!" అని పిలిచింది. ఇతను తిరిగాడు. పది అడుగుల దూరంలో కాఫీ సోంబరు కూడా తిరిగాడు. ఇదివరకైతే ఇలాంటప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వేవాళ్ళు. అలవాటున సోంబరు చెయ్యి లేచింది, "మి..." అని నోటిదాకా వచ్చింది. ఆ మాటకి ఇక హక్కు లేదు. పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. చెయ్యి తల మీదికి పోనిచ్చి గోక్కున్నాడు. అతనూ అటు తిరిగి జీపెక్కాడు.

ఇంటి దగ్గర సోములమ్మ ముడి రాని చేపల పొట్లం అతని చేతికిస్తూ "సంతకాడ ఎవలు కనిపించారు?" అని అడిగింది.

సోంబరు మొల తడుముకున్నాడు, పొట్లం తాడు కోయడానికి. అక్కడ కత్తి లేదు. పళ్ళతో తెంపాడు.

"ఎవలూ నేరు," అన్నాడు.